నేను గెలిచిన వారంటీ

దోహాలో ఒక సర్వీస్ సెంటర్‌లో, సంతకం పెట్టి ఇస్తానని నా చేతిలోంచి పెన్ను తీసుకుని తిరిగివ్వని మనిషి ఒకడున్నాడు. నేను ఉద్యోగం వదిలి కోనసీమ వచ్చేసి రెండేళ్ళు దాటింది. అతని మొహం, ఆ పెన్నుని మామూలుగా తన డబ్బాలో వేసుకున్న తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి. నాకు జరిగిన ఏ చిన్న అవమానాన్నీ నేను మర్చిపోను. అది మంచి గుణమని చాలా ఏళ్ళు అనుకున్నాను. గల్ఫ్‌కి కొత్తగా వెళ్ళి, ఆఫీసు కుర్చీలో కూర్చుని, కంపెనీల మీద ఫిర్యాదులు రాయవలసిన పనిలో పడ్డవాళ్ళు మీలో కొందరుంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫిర్యాదు ఎలా గెలవాలో నేను చెప్పగలను. ఆ భాగం నాకు బాగా వచ్చు.

నేను పనిచేసింది అల్ వుకైర్‌లో ఒక పెద్ద ఖతారీ కుటుంబం దగ్గర. వాళ్ళకి తొమ్మిది కార్లు, రెండు పికప్పులు ఉండేవి. వాటి రిజిస్ట్రేషన్లు, ఇన్సూరెన్సులు, సర్వీసులు నా చేతి మీదుగా జరిగేవి. నా కార్డు మీద వెహికల్ కోఆర్డినేటర్ అని ఉండేది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు రాసిన ప్రతిసారీ నా పేరు పక్కన డ్రైవర్ అనే రాసేవారు. డ్రైవర్ పని తక్కువదని నా ఉద్దేశం కాదు. నేను డ్రైవర్ని కాను, అంతే. మూడుసార్లు దిద్దించాను. నాలుగోసారీ అదే రాశారు.

ఆ ఇంట్లో అందరికీ ముద్దైన బండి యూరప్ నుంచి తెప్పించిన మోటార్‌హోమ్. వంటగది, స్నానాలగది, ఆరుగురికి పడకలు ఉన్న ఇంటిని లారీ మీద కట్టినట్టు ఉండేది. అక్కడ చలికాలం వచ్చిందంటే కుటుంబాలన్నీ ఎడారిలోకి కదులుతాయి. మా ఇంటివాళ్ళు గురువారం సీలైన్ దగ్గర ఇసుకదిబ్బల్లోకి వెళ్ళి శనివారం తిరిగి వచ్చేవారు. ఆదివారం పొద్దున ఆ బండి ఒళ్ళంతా ఇసుకతో మా యార్డులో నిలబడి ఉండేది.

దాన్ని కడిగి, తుడిచి, మళ్ళీ గురువారానికి తయారుచేసే మనిషి ఒకతను ఉండేవాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చినవాడు. వయసు నలభై ఐదు పైమాటే. పన్నెండేళ్ళు సైట్లలో సెంట్రింగ్ పని చేశాడు. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉండి, తెల్లవారకముందే బస్సెక్కి, ఇనుప పైపులు భుజాన మోసి మోసి నడుము పోగొట్టుకున్నాడు. చొక్కా కింద ఎప్పుడూ బెల్టు ఉండేది. ఎవరో చెబితే మా ఇంట్లో ఈ పనికి కుదిరాడు. బరువు మొయ్యక్కరలేని ఉద్యోగం అతనికి ఖతర్‌లో అదే మొదటిది.

"సారూ, గీ పని బోతె ఇగ నాకు ఖతర్ లేదు," అనేవాడు తుడుస్తూనే. "సైటుకు పోదామంటే నడుం లేదు. డ్రైవింగ్ చేద్దామంటే లైసన్సు లేదు. సచ్చేదాంక గీ బండినే కడుక్కుంట ఉంట. మీరు నన్ను ఎల్లగొట్టకున్రి."

"నేనెందుకు వెళ్ళగొడతానయ్యా?" అనేవాణ్ణి.

నవ్వుతూ అనుకున్న మాటలే. కానీ అతని బతుకంతా ఆ బండి మీదే నిలబడి ఉందని నాకు మొదటినుంచీ తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

ఇప్పుడు ఒక వేలి సంగతి చెప్పాలి.

మా పైన ముదీర్ ఉండేవాడు. ఇంటి వ్యవహారాలన్నీ చూసే మేనేజరు, ఈజిప్టు మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. మొదటి చలికాలంలో ఒక ఆదివారం అతను యార్డులోకి వచ్చి, నిచ్చెన ఎక్కి, మోటార్‌హోమ్ పైకప్పు అంచు వెంట వేలు రుద్దాడు. దిగి వచ్చి, ఆ ఇసుక వేలిని నా చొక్కా చేతి మీద పైనుంచి కిందకి గీశాడు. వంటవాడు, ఇద్దరు డ్రైవర్లు, తోటమాలి చూస్తున్నారు.

"ఇది కడగడమా?" అన్నాడు ఇంగ్లీషులో.

ఆ గీత దులిపితే పోయింది. మర్నాడే నేను ఇండస్ట్రియల్ ఏరియాకి వెళ్ళి ప్రెషర్ పంపు కొనిపించాను. సర్వీసు స్టేషన్లలో కార్లు కడుగుతారే, అలాంటిది. నీళ్ళు తుపాకీ గుండులా వస్తాయి. డ్రైవర్ సీటు మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన భాగం వెనక కప్పుకి కలిసే చోట ఒక అతుకు ఉంటుంది. ఇసుక అక్కడే దాక్కునేది. నిచ్చెన వేయించి, మా వాణ్ణి ఎక్కించి, ఆ అతుకు చూపించాను.

"ఇక్కడ ఒక్క రేణువు కూడా కనపడకూడదు. దగ్గర పెట్టి కొట్టు."

అతను గన్ను పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "సారూ, గింత దగ్గరికెల్లి కొడితే లోపలి సీలు లేస్తదేమో. సైట్ల షట్టరింగు గిట్లనే కొడితే సందుల్ల గమ్ము ఊడొచ్చేది."

"సైటు వేరు, ఇది వేరు. జర్మనీ బండి ఇది. నీకు చెప్పింది చెయ్యి."

"సరే సారూ. మీరు జెప్పినంక ఇగ నాదేమున్నది."

ప్రతి ఆదివారం చేశాడు. ఆ కప్పు కొత్త స్టీలు గిన్నెలా మెరిసేది. నేను ఫైలు కోసం ఫోటోలు తీసేవాణ్ణి. ఒక ఫోటోలో అతను నిచ్చెన మీద నిలబడి, గన్ను అతుకు మీదకి గురిపెట్టి, నావైపు తిరిగి నోరారా నవ్వుతున్నాడు. నీటి తుంపర మీద ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు కూడా వచ్చింది. ముదీర్ మళ్ళీ నిచ్చెన ఎక్కలేదు. నేను గెలిచాననుకున్నాను.

రెండో చలికాలం మధ్యలో వాన పడింది. అక్కడ ఏడాదికి పడేది నాలుగైదు వానలు, కానీ పడితే రోడ్లన్నీ చెరువులే. రెండు రోజుల తరువాత మా వాడు దుప్పట్లు మార్చడానికి లోపలికి వెళ్ళి నన్ను కేకేశాడు. డ్రైవర్ సీటు పైనున్న పడక మీద పరుపు తడిసి నానిపోయి ఉంది. పైన చెక్క ఉబ్బి, వేలితో నొక్కితే లోపలికి పోతోంది.

అప్పుడే అతని భార్య ఫోను చేసింది. ఫోను స్పీకర్లో ఉంది.

"దుబాయిల వాన గూడ పడ్తదా?" అంటోంది ఆమె. ఆ వైపు ఊళ్ళలో గల్ఫ్ అంతా దుబాయే.

"పడ్డదే. బయట తక్కువ, బండి లోపల ఎక్కువ పడ్డది," అన్నాడు. ముగ్గురమూ నవ్వాం. ఆ బండి గురించి మేం నవ్వడం అదే ఆఖరు.

వారంటీ పుస్తకం నేను అట్ట నుంచి అట్ట దాకా చదివి ఉన్నాను. బాడీలోకి నీళ్ళు కారితే ఐదేళ్ళ పూచీ. ఏటా చేయించవలసిన తనిఖీ చేయించాం, ముద్ర ఉంది. ఇంక అడ్డేముంది? పుస్తకం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ కస్టమర్లకి చల్లటి గది, సోఫాలు, కాఫీ ఉంటాయి. నేను సోఫాలో కూర్చోగానే రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "సార్, డ్రైవర్ల బెంచీ బయట ఉంది," అని మర్యాదగానే చెప్పింది. నేను లేవలేదు. పెన్ను తీసుకున్న పెద్దమనిషి, సర్వీస్ అడ్వైజర్, నన్ను చూసి, బండిని చూసి, పైపుతో పావుగంట నీళ్ళు పట్టించి, "లీకు లేదు" అని రాశాడు.

"పరుపు తడిసింది కదండీ?"

"ఇప్పుడు కారడం లేదు కదా. వాన పడుతున్నప్పుడు తీసుకురండి."

"వాన ఎప్పుడు పడుతుందో మీ కంప్యూటర్లో ఉంటుందా?"

అతను నవ్వలేదు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనూ హిందీలోనూ. నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి కొంచెం మర్యాదగా వినపడుతోంది.

మూడుసార్లు తిరిగాను. మూడోసారి తేమ కొలిచే పరికరం పెడితే కప్పు చెక్క అంతా తడేనని తేలింది. అప్పుడతను కొత్త మాట అందుకున్నాడు. "బండిని సరిగా చూసుకోకపోతే కూడా ఇలా అవుతుంది. మీరు ఎలా చూసుకున్నారో రాసివ్వండి."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మేం సరిగా చూసుకోలేదా?

దోహా ఊళ్ళో నజ్మాలోని నా గదికి వెళ్ళి శుక్రవారం, శనివారం కూర్చుని నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి ఉత్తరం రాయలేదు. పెన్ను, బెంచీ, డ్రైవర్ అన్న మాట, అన్నీ పెట్టాను. తనిఖీల ముద్రలు పెట్టాను. చివరి పేజీలో, మా మనిషి ప్రతి ఎడారి ప్రయాణం తరువాత కప్పుని, ముఖ్యంగా ముందు అతుకుని, ప్రెషర్ పంపుతో ఇసుక రేణువు లేకుండా శుభ్రం చేస్తాడని వివరంగా రాశాను. ఋజువుగా ఇరవై ఫోటోలు జతచేశాను. అందులో నవ్వుతున్న ఫోటో కూడా ఉంది. అది బాగుందనే పెట్టాను.

మీకు నేను చెప్పగలిగిన పాఠం ఏదైనా ఉంటే ఇదే. ఎదుటివాడి తప్పు ఎంత వివరంగానైనా రాయండి. మన గొప్ప చెప్పుకునే పేజీని మాత్రం పంపేముందు ఒకసారి శత్రువు కళ్ళతో చదవండి. నేను చదవలేదు. నా దగ్గర వారంటీ పుస్తకం ఉంది. బండి వాడకం గురించిన పుస్తకం వేరే ఉందని, అది బండిలోనే సీటు కింద సంచిలో ఉందని, అందులో ప్రెషర్ పంపుని అతుకుల దగ్గరకి తీసుకురాకూడదని రాసి ఉందని నాకు తెలియదు. చదవడానికి నేనున్నాను కదా అని ఇంకెవరూ చదవలేదు.

పదిహేను రోజులకి జవాబు ఒక్క పేజీలో వచ్చింది. కస్టమర్ తప్పుగా వాడడం వల్ల నష్టం, వారంటీ వర్తించదు. ఋజువుగా మేం పంపిన ఫోటోనే. గన్ను పట్టుకున్న చెయ్యి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టారు. పక్కన ఎర్రటి అక్షరాలతో "మిస్‌యూజ్" అని రాశారు. ఉత్తరం నాకు రాలేదు. నేరుగా అరబాబుకి, అంటే ఇంటి యజమానికి వెళ్ళింది. క్యాంపింగ్ కాలం ఇంకా నెల ఉంది. ఆయన ఉత్తరాన్ని ముదీర్ చేతిలో పెట్టాడట.

ముదీర్ మా ఇద్దర్నీ అతిథులు కూర్చునే మజ్లిస్ పక్కనున్న తన గదికి పిలిచాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను నా ఫైలు పట్టుకుని వెళ్ళాను. మా వాడు చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ముదీర్ ఆ కాగితాన్ని తనవైపే పెట్టుకుని చూశాడు. మా వాడికి అది కనపడలేదు. కనపడినా ఇంగ్లీషు చదవలేడు.

"ఇలా కడగమని ఇతనికి ఎవరు చెప్పారు?" అని నన్ను అడిగాడు.

మా వాడు నావైపు చూశాడు. అందులో ఫిర్యాదు లేదు. సారు చెబుతాడు కదా అన్న చూపు.

నేను ఫైలు తెరిచాను.

"ముదీర్, అసలు ప్రశ్న అది కాదు. ఆ అతుకు ఫ్యాక్టరీలోనే లోపంతో వచ్చింది. వారంటీ పుస్తకం పదకొండో పేజీ చూడండి..."

పదకొండో పేజీ చదివాను. పన్నెండో పేజీ చదివాను. సర్వీస్ సెంటర్ పావుగంట పరీక్ష ఎంత బూటకమో వివరించాను. నేను చెప్పినవన్నీ నిజాలే. గొంతు కూడా బాగా పలికింది.

"నేను ఒకటే అడిగాను," అన్నాడు ముదీర్.

నేను పదమూడో పేజీ తిప్పాను. అప్పుడు తలుపు దగ్గర్నుంచి మా వాడు క్యాంపు హిందీలో అన్నాడు. "మై ధోయా, ముదీర్. మేరా గల్తీ."

నేను కడిగాను, తప్పు నాదే అని. నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో దాచకుండా రాస్తాను. హమ్మయ్య అనిపించింది.

"ఖలాస్," అని ముదీర్ కాగితం సొరుగులో పెట్టేశాడు. ఇక అయిపోయిందని; మా వాడి ఉద్యోగం అక్కడితో పోయింది.

ఎందుకు చెప్పలేదని మీరడగవచ్చు. నేను నాకు చెప్పుకున్న జవాబు ఇది: కోఆర్డినేటరే అలా కడగమన్నాడని ఒప్పుకుంటే సర్వీస్ సెంటర్‌కి ఇంక తిరుగుండదు. ముందు వారంటీ గెలవాలి. తప్పు ఫ్యాక్టరీదని తేలితే మా వాడి మీద మచ్చ దానంతట అదే పోతుంది. వాణ్ణి మళ్ళీ తెప్పించవచ్చు. చాలా తెలివైన జవాబు. ఆ తెలివికి అడుగున ఏముందో కూడా నాకు తెలుసు. ఆ వేలు మళ్ళీ నా చొక్కా మీద గీత గీస్తుందన్న భయం ఉంది.

ఆ సాయంత్రం యార్డులో అతను పంపు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాను.

"నేను చెబుదామనే అనుకున్నానయ్యా. కేసు పాడవుతుందని..."

"పోనీయున్రి సారూ. మీరు ఉండాలె. మీరుంటే బండి సంగతి తేలుస్తరు. నేనుంటే ఏం తేలుస్త?" అన్నాడు. తుడిచే గుడ్డ పిండి, "గని ఆ రోజు నేనన్నది గుర్తున్నదా సారూ? సీలు లేస్తదేమో అని?"

"గుర్తుంది."

"గంతే. గుర్తుంటే సాలు."

పదిరోజుల్లో వీసా క్యాన్సిల్ అయింది. వెళ్ళే రోజు పొద్దున బర్వాకి వెళ్ళి పాత క్యాంపు వాళ్ళని కలిసొచ్చాడు. తరువాత యార్డుకి వచ్చి పంపు పైపుని చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించాడు. "కొత్తోడు అస్తే జెప్పున్రి, వాల్వు మెల్లగ తిప్పాలె. జోరుగ తిప్పితే పైపు కొడుతది," అన్నాడు. విమానాశ్రయానికి తోడు వస్తానని ముందురోజు అన్నాను. వెళ్ళలేదు. అదే పూట సర్వీస్ సెంటర్ పెద్ద మేనేజరు నాకు టైమిచ్చాడు. వారంటీ కోసం. అంటే అతని కోసమేనని ట్యాక్సీలో కూర్చుని అనుకున్నాను. పెద్ద మేనేజరు నన్ను గంటన్నర కూర్చోబెట్టి, రాలేనని కబురు పంపాడు.

ఎండాకాలమంతా పోట్లాడాను. బండి తయారుచేసిన యూరప్ కంపెనీకి నేరుగా రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. మొత్తం పదిహేడు ఉత్తరాలు, ముదీర్ దగ్గర అడిగి తీసుకున్న ఆ జవాబు కాగితంతో సహా అన్నీ ఫైలు చేశాను. చివరికి వాళ్ళు, పైకప్పు విప్పి చూసి రిపోర్టు పంపమని సర్వీస్ సెంటర్‌ని ఆదేశించారు. విప్పే రోజు నేను వెళ్ళి కదలకుండా నిలబడ్డాను. బెంచీ మీదకి పొమ్మని ఎవరూ అనలేదు.

విప్పినవాడు ఒక నేపాలీ టెక్నీషియన్. అతుకు మీది పట్టీ లేపి, లోపలికి టార్చి కొట్టి, అడ్వైజర్ వైపు చూసి, నావైపు చూసి, "దాదా, పైకి రండి," అన్నాడు.

ఎక్కాను. అతుకు పొడవునా నల్లటి గమ్ము ఎండి గట్టిగా పట్టుకుని ఉంది. పంపు నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేదు. ఒక్కచోట మాత్రం, జానెడు మేర, గమ్మే లేదు. అల్యూమినియం రేకు అద్దంలా తళతళలాడుతోంది.

"ఊడిపోయిందా?" అన్నాను.

"ఊడితే మరక ఉంటుంది దాదా. ఇక్కడ అసలు వెయ్యనే లేదు. ఫ్యాక్టరీలో వేసేవాడు ఎవడో టీకి లేచి వెళ్ళుంటాడు," అన్నాడతను.

ఆ జానెడు మేర మీద నేను వేలు పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. మా వాడు రెండు చలికాలాలు కడిగినా కడక్కపోయినా మొదటి పెద్ద వానకి అక్కడ కారి ఉండేది.

వారంటీ మంజూరైంది. కొత్త చెక్క, కొత్త పరుపు, అతుకంతా కొత్త గమ్ము. అడ్వైజర్ నన్ను సోఫాలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. వాళ్ళ కంపెనీ ముద్ర ఉన్న పెన్ను ఒకటి అట్టపెట్టెలో పెట్టి ఇవ్వబోయాడు. తీసుకోలేదు. నా పెన్ను నీలం రంగు మామూలు పెన్ను. అదే కావాలన్నాను. అతనికి ఆ సంగతే గుర్తులేదు.

ముదీర్ దగ్గరకి వెళ్ళి రిపోర్టు చూపించాను.

"మబ్రూక్," అన్నాడు. శుభం అని.

"మరి ఆ మనిషి?"

"ఏ మనిషి?"

"కడిగేవాడు. తప్పు అతనిది కాదని ఇందులో ఉంది. అలా కడగమన్నది కూడా నేనే, ముదీర్."

ఆ మాట చెప్పడానికి నాకు అన్ని నెలలు పట్టింది. ముదీర్ కోప్పడలేదు. వేలు ఎత్తలేదు. విననట్టే రిపోర్టు మీద ముద్ర వేశాడు. "అతని వీసా పోయింది. ఆ పనిలో ఇంకొకడు ఉన్నాడు. ఇప్పుడెందుకు ఇదంతా?" అన్నాడు. ఆ ఏడాది అరబాబు కుటుంబానికి ఎడారి మీద మోజు తగ్గింది. చుక్క కారని ఆ బండిని సీజన్ మొదలవకముందే అమ్మేశారు.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మా తెలుగు క్రైస్తవ సంఘం అక్కడ శుక్రవారం పొద్దున కూడుకునేది. పాటలయ్యాక సాక్ష్యాలు ఉంటాయి. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు లేచి దేవుడు చేసిన మేలు చెబుతారు. నేను మోటార్‌హోమ్ వారంటీ గురించి సాక్ష్యం చెప్పాను. నవ్వకండి. పదిహేడు ఉత్తరాలు, పెద్ద కంపెనీ, ఒంటరి మనిషి. అందరూ "స్తోత్రం" అన్నారు. ముందు వరసలో మచిలీపట్నం నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది. నేను కూర్చోబోతుంటే అడిగింది.

"ఆ కడిగినాయన ఏమయ్యారండీ మరి?"

"ఇండియా వెళ్ళిపోయాడమ్మా."

"అయ్యో. మళ్ళీ పిలిపిస్తున్నారా?"

తరువాతి పాట అప్పుడే అందుకున్నారు. నేను పుస్తకంలో పేజీ వెతుక్కున్నాను.

తప్పు నీది కాదని తేలిందని అతనికి ఫోను చేసి చెప్పాను. "మంచిగయింది సారూ. ఇగ కారదు గద," అన్నాడు. పిల్లల చదువులు అడిగి పెట్టేశాను.

ఉద్యోగం వదిలేటప్పుడు ఇంటివాళ్ళు ఇచ్చిన ఫోను తిరిగి ఇచ్చేశాను. అందులోని ఫోటోలన్నీ దానితోనే పోయాయి. ఉత్తరానికి జతచేసిన ప్రింట్లు తిరిగి రాలేదు. నా ఫిర్యాదు ఫైలు మాత్రం విమానంలో చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇక్కడ బీరువాలో ఉంది.

కిందటి నెల అతని గొంతు వాట్సాప్‌లో వచ్చింది. వెనక బస్సు హారన్లు వినపడుతున్నాయి.

"సారూ, మంచిగున్నరా? చిన్న పనుండె. జగిత్యాలల కొత్తగ కార్లు కడిగే సెంటర్ పెట్టిండ్రు. పని అడిగిన. నువ్వు ముసలోడివి, మిషన్ నడిపిస్తవా అంటున్నరు. దుబాయిల నీ షెడ్డుకంటె పెద్ద బండి కడిగిన అంటే నవ్వుతున్నరు సారూ, నమ్ముతలేరు. మీరు ఒక ఫోటో దీసిన్రు గద, నిచ్చెన మీద. అది పంపున్రి. సూపిస్త."

ఫైలు తీశాను. ఆ ఫోటో నా దగ్గర ఒక్కచోటే ఉంది, సర్వీస్ సెంటర్ పంపిన జవాబులో. నవ్వు బాగానే పడింది. ఇంద్రధనుస్సు కూడా కొంచెం తెలుస్తోంది. ఎర్ర సున్నా సరిగ్గా చేతి చుట్టూ, గన్ను చుట్టూ ఉంది. దాన్ని కత్తిరిస్తే పంపు పోతుంది, చెయ్యి పోతుంది. మిగిలేది ఎక్కడో నిలబడి నవ్వుతున్న ఒక మనిషి. అది చూపిస్తే ఎవరు పనిస్తారు? పక్కనున్న అక్షరాల వరకు మడతపెట్టి, మిగతాది ఫోటో తీసి పంపాను. అతనికి పని అవసరం. అదొక్కటే ఆలోచించానని ఇప్పుడు కూడా అనుకోవాలని ఉంది.

సాయంత్రానికి జవాబొచ్చింది. ఈసారి గొంతు కాదు, అక్షరాలు. కూతురి చేత రాయించి ఉంటాడు.

"ఫోటో అందింది సారూ. మంచిగున్నది. గీ ఎర్ర సున్న ఎవరు గీసిన్రు? ఎందుకు గీసిన్రు?"

ఆ ప్రశ్న వచ్చి పదకొండు రోజులైంది. నాలుగు పేజీల ఉత్తరాన్ని రెండు రోజుల్లో రాసినవాణ్ణి. ఒక్క జవాబుకి ఇన్ని రోజులు నేనెప్పుడూ తీసుకోలేదు.